మూగజీవాలకు ఆస్తి రాస్తానన్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి బాబాయి ఆశీస్సులు.

నీ ఫ్లాటు, డిపాజిట్లు జంతువుల సంస్థకు రాసేస్తున్నావని మీ వదిన ఫోన్లో చెప్పింది. నీకేదో మతి పోయినట్టు చెప్పింది. నాకు మాత్రం గర్వంగానే ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టని మాటా నిజమే. రిజిస్ట్రారాఫీసు ముందు బల్ల వేసుకుని బతికినవాణ్ణి, వీలునామాలు ఎలా బెడిసికొడతాయో చూశాను.

తేలికైనవి ముందు చెప్పేస్తా. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించు. ఫ్లాటు నీ స్వార్జితం, నీ ఇష్టం. ఊళ్లో ఉమ్మడి పొలంలో నీ వాటా రాసే హక్కు కూడా నీకుంది గానీ దాని జోలికి పోకు. చట్టం అడ్డురాదు, మీ అన్నయ్య వస్తాడు.

ఇక సాక్షులు. తెనాలిలో మా పిన్ని, అదే మీ నాయనమ్మ చెల్లెలు, నీకు లీలగా గుర్తుండాలి. పిల్లల్లేరు. ఓ ఆవు, వీధిలో కుక్కలన్నీ ఆవిడవే. వీలునామా రాయించేటప్పుడు నన్ను పిలవలేదు. ఇంటివాడి చేత రాయిస్తే మాటొస్తుందని వేరే లేఖరి దగ్గరికి వెళ్లింది. 'నా ఇల్లు అమ్మగా వచ్చిన సొమ్ము మూగజీవుల సేవకు వినియోగించవలెను' అని రాయించింది. ఎవరు అమ్మాలి, ఎవరి చేతికివ్వాలి అన్న ముక్క లేదు. సాక్షులేమో గుళ్లో పురాణ కాలక్షేపం దగ్గర పరిచయమైన ఇద్దరు పెద్దాళ్లు. ఒకాయన ఆవిడకంటే ముందే పోయాడు. రెండో ఆయన కన్నకొడుకునే గుర్తుపట్టని స్థితికొచ్చాడు.

ఆవిడ పోగానే మరిది కొడుకులు అది దొంగ వీలునామా అన్నారు. రిజిస్టరైంది కదా అంటావు. అయినా సరే, తగువొస్తే సాక్షుల్లో ఒక్కరైనా బోనెక్కి, ఆవిడ నా కళ్లముందే సంతకం పెట్టిందని చెప్పాలి. చెప్పేవాళ్లు లేకపోతే చేతిరాతలు నిరూపించుకుంటూ తిరగాలి. కేసు ఏళ్లతరబడి సాగి, చివరికి రాజీలో ఇల్లు వాళ్లకే పోయింది. అది సరే. నేను పెద్దకర్మకు వెళ్లేసరికే ఆవును తోలుకెళ్లి అమ్మేశారు. కుడితి తొట్టి ఎండిపోయి, అడుగున తవుడు అట్టకట్టి ఉంది. కుక్కలు మాత్రం అన్నం పెట్టే వేళకు వచ్చి అరుగు కింద కూర్చున్నాయి. ఎవరో చెంబుతో నీళ్లు కొట్టి తోలేశారు.

నా భయమంతా అదే బుజ్జీ. వీలునామా ఎప్పటికో అమలవుతుంది. నీ ఇంట్లో ఉన్నవాటికి ఆ సాయంత్రమే ఆకలేస్తుంది. వాటి పేరున ఏమీ రాయలేం, చట్టం లెక్కలో అవీ ఆస్తి కిందే లెక్క. కాబట్టి ఎవరికి అప్పగిస్తావో ఇప్పుడే అడుగు. మొహమాటానికి సరే అనేవాళ్లు వద్దు. ఆ మనిషితో కలిసి 'ఐదర్ ఆర్ సర్వైవర్' ఖాతా, అంటే ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవాళ్లు సొమ్ము తీసుకోగల ఖాతా తెరిచి, కొన్ని నెలల తిండికీ మందులకీ సరిపడా అందులో ఉంచు. మిగతాదంతా దీని తర్వాతే.

సాక్షులుగా నీకంటే చిన్నవాళ్లను, ఊళ్లో స్థిరంగా ఉండేవాళ్లను పెట్టుకో. మీ డాక్టరు ఒప్పుకుంటే మరీ మంచిది. ఆ సంస్థవాళ్లు మాత్రం వద్దు, అనవసరంగా అనుమానాలొస్తాయి. ఎగ్జిక్యూటర్, అంటే నీ తర్వాత వీలునామా అమలు చేసే మనిషి, పేరు స్పష్టంగా రాయి. డిపాజిట్లకు సంస్థను నామినీగా పెడతానంటే బ్యాంకు ఒప్పుకోదు, మనిషే కావాలి. ఆ ఎగ్జిక్యూటర్నే నామినీగా పెట్టు. నామినీ సొమ్ము తీసుకునేవాడే గానీ హక్కుదారు కాదని అతనికీ తెలియాలి.

జంతువుల సంస్థ కదా అని ఊరికే 'బ్లూక్రాస్' అని రాసి ఊరుకోకు. చెన్నైలో ఉన్నది వేరు, హైదరాబాదులో 1992లో మొదలైంది వేరు. ఏ సంస్థకు రాసినా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లో ఉన్న పేరు, నంబరు అక్షరం పొల్లుపోకుండా దించు. అప్పటికి అది మూతపడితే ఎవరికి చెందాలో కూడా రాయి. నాన్నగారి పేరున షెడ్డు కట్టించమని షరతు పెట్టబోతున్నావట, మానుకో. షెడ్డు కట్టించడానికి దాతలు దొరుకుతారు, పేరు చెక్కుతారు కాబట్టి. కాంపౌండరు జీతం, ఎండుగడ్డి, టీకాలు, వీటికే ఎవరూ ముందుకు రారు. మా అన్నయ్య ఉంటే ఆయనా ఇదే అనేవాడు.

క్రైస్తవులు ధర్మానికి ఆస్తి రాయాలంటే చావుకు ఏడాది ముందే రాయాలని నీ స్నేహితురాలిని ఎవరో భయపెట్టారటగా. వారసత్వ చట్టంలోని ఆ 118వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2003లోనే కొట్టేసింది. నిశ్చింతగా రాసుకోమను.

యాభై దాటగానే చావు మాటలేంటే అని తిడదామనే మొదలుపెట్టాను. పిన్ని డెబ్బై దాటాక తొందరపడింది, నువ్వు ఇప్పుడే చేస్తున్నావు, అదే నయం. సంక్రాంతికి చిత్తుప్రతి పట్టుకురా, కలిసి చూద్దాం. అప్పటిదాకా దేనిమీదా సంతకం పెట్టకు. మీ వదినతో నేను మాట్లాడతాను. బీపీ మాత్రలు మానేశావని కూడా తనే చెప్పింది, ఆ సంగతి వచ్చాక తేలుస్తా. కుక్కల్ని కూడా తీసుకురా, పెరట్లో బోలెడు చోటుంది.

మీ బాబాయి