స్వరపేటిక తీసేశాక మాట అర్థం కావాలంటే?

ప్రశ్న: మావారికి 58 ఏళ్లు. క్యాన్సర్ వల్ల రెండు నెలల కిందట స్వరపేటిక మొత్తం తీసేశారు. పెదవులు కదిపి చెబుతున్నారు గానీ మాకు సగం కూడా అర్థం కావడం లేదు. ఊరికే కోప్పడుతున్నారు. నవ్వితే మూతి ఒక పక్కకే పోతోంది. మళ్లీ మాట వస్తుందా?
- ఒక పాఠకురాలు, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: వస్తుందమ్మా. పోయింది గొంతే. మాటను మలిచే నాలుక, పెదవులు, పళ్లు, అంగిలి అన్నీ ఉన్నాయి.

ఇలాంటివాళ్లు సాధారణంగా గట్టిగా చెప్పబోయి గాలి నెడతారు. ఇప్పుడు ఆ గాలి నోట్లోంచి రాదు, ఊపిరి కోసం మెడ మీద పెట్టిన రంధ్రం నుంచి బుస్సుమంటుంది. ఆ చప్పుడు దృష్టి మళ్లిస్తుంది. ఊపిరి మామూలుగా వదులుతూ, రెండు మూడు పదాలకోసారి ఆగుతూ చెప్పమనండి. నోరు మరీ సాగదీసినా పెదవుల ఆకారం మారిపోతుంది. మీరు టీవీ ఆపి, వెలుతురు ఆయన ముఖం మీద పడేలా ఎదురుగా కూర్చోండి. పాట, బాట, మాట... మూడూ పెదవుల మీద ఒక్కలాగే కనిపిస్తాయి. క, గ అయితే అసలు కనబడవు. అందుకే అర్థం కాని పదాన్నే పదిసార్లు అనకుండా వేరే మాటలో చెప్పాలి. ముందు 'మందులు' అని విషయం చెప్పి, తర్వాత వాక్యం చెబితే ఇంకా తేలిక. అర్థమైనట్టు తల మాత్రం ఊపకండి. అర్థమైనంత చెప్పి, మిగతాది అడగండి.

స్వరపేటిక తీసినంత మాత్రాన ముఖ నరం దెబ్బతినదు. మెడలో గడ్డలు తీసేటప్పుడు ఆ నరానికి దవడ కింద సాగే సన్నని కొమ్మ లాగినట్టయితే కింది పెదవి ఒక పక్క దిగదు. తెగకపోతే చాలామందికి కొన్ని నెలల్లో కోలుకుంటుంది. సర్జన్‌కు చూపించండి. గడ్డం కింద వాపు పొద్దున ఎక్కువగా ఉంటే తల ఎత్తుగా పెట్టి పడుకోవాలి, థెరపిస్టు దగ్గర మర్దన నేర్చుకోవాలి.

'సరే' అన్నది ఒప్పుకోలో, విసుగో ఇదివరకు గొంతే చెప్పేది. ఇప్పుడు కళ్లు, కనుబొమలు చెప్పాలి. అద్దం ముందు 'సరే'ను ఇష్టంగా, విసుగ్గా, ప్రశ్నగా పలకడం రోజూ ఐదు నిమిషాలు సాధన చేయించండి. మీకు కోపంలా కనిపించేది కొన్నిసార్లు మాట కోసం పడే ప్రయాసే కావచ్చు. అయితే నిద్ర, ఆకలి తగ్గి, ఎవరితోనూ కలవకపోతే తప్పక డాక్టరుకు చెప్పండి.

గొంతుకు మూడు దారులున్నాయి. ఒకటి ఎలక్ట్రోలారింక్స్, అంటే మెడకు ఆనిస్తే కంపించి గొంతులా పలికించే చిన్న పరికరం. ఇది వెంటనే పనికొస్తుంది. మెడ వాచి ఉంటే చిన్న గొట్టాన్ని నోటి మూల నుంచి లోపలికి పెట్టి వాడాలి. బటన్ మాట్లాడేటప్పుడే నొక్కాలి. రెండోది అన్నవాహికలోకి గాలి తీసుకుని, దాన్ని వదులుతూ మాట్లాడటం. దీనికి నెలల సాధన కావాలి. మూడోది శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య చిన్న రంధ్రం చేసి పెట్టే వాల్వు: వేలితో మెడ మీది రంధ్రం మూస్తే ఊపిరితిత్తుల గాలి అన్నవాహికలోకి వెళ్లి గొంతు పలుకుతుంది. సహజానికి ఇదే దగ్గర. నీళ్లు తాగితే దగ్గొస్తుంటే వాల్వు కారుతున్నట్టే, మార్పించాలి. ఊడిపడితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, లేకపోతే వాల్వు పెట్టిన రంధ్రం పూడుకుపోతుంది.

ఏది తగునో ఆపరేషన్ చేసినచోట స్పీచ్ థెరపిస్టును అడగండి. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలోనూ, రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనూ విచారించవచ్చు.

ఆయన జేబులో ఒక కార్డు ఉంచండి: 'నేను మెడ నుంచే ఊపిరి తీసుకుంటాను. ఆక్సిజన్ ముక్కుకు కాదు, మెడ మీది రంధ్రానికి పెట్టండి.' కింద మీ ఫోన్ నంబరు రాయండి.