మీ పాపకి ముందు ఆగడం నేర్పించండి

"నెల్లూరులో ఉంటాం, పాప ఏడో తరగతి. బాస్కెట్‌బాల్ ఆడితే ఎత్తు పెరుగుతుందని చేర్పిద్దామనుకుంటున్నాం. డ్రిబ్లింగ్‌తో (బంతిని నేలకి కొడుతూ ముందుకెళ్లడం) మొదలుపెట్టించాలా, షూటింగ్‌తోనా (రింగులోకి వెయ్యడం)?" అని అడిగారు. రెండూ కాదండీ, ఆగడంతో మొదలుపెట్టించండి.

నేను కావలిలో ఎనిమిదో తరగతిలో ఈ ఆటలోకి వచ్చాను. మా డ్రిల్లు సారు మొదటి వారం బంతి చేతికే ఇవ్వలేదు. పొద్దున ఆరింటికల్లా సిమెంటు కోర్టులో పరుగెత్తించేవారు. విజిల్ వినపడిన చోట మోకాళ్లు వంచి, రెండు కాళ్ల మీద ఠక్కున ఆగాలి. తూలితే మళ్లీ మొదటి నుంచి.

ఆ తర్వాత ఒకరోజు జేబులోంచి రూపాయి బిళ్ల తీసి నా ఎడమ పాదం ముందు భాగం కింద పెట్టారు. బంతి చేతికిచ్చి, "ఈ కాలు ఇక్కడే ఉండాల. రెండో కాలుతో ఎటైనా తిరుగు. బిళ్ల జరగకూడదు" అన్నారు. బంతి లాక్కోవడానికి ఎదురుగా ఒక సీనియర్ అక్క చేతులు చాపి నిలబడింది. రెండోసారి తిరిగేసరికే సిమెంటు మీద బిళ్ల కర్రుమని గీసుకుంది. సారు అటు తిరిగి చిన్న పిలకాయలతో మాట్లాడుతూనే "జారింది" అన్నారు. ఆయన చూడక్కర్లేదు, ఆ చప్పుడే చెప్పేది. మడమ కొంచెం ఎత్తి, బరువంతా వేళ్ల దగ్గర పెట్టి తిరిగితే బిళ్ల ఉన్నచోటే ఉంటుందని నా కాలికి తెలియడానికి నాలుగు రోజులు పట్టింది. తెలిసిన రోజు ఆ అక్క ఎంత మీదికొచ్చినా నాకు కంగారు రాలేదు.

కొత్తగా ఆడేవాళ్లు ఎక్కువగా బంతి పోగొట్టుకునేది ఇక్కడే. మీదికి ఎవరైనా రాగానే టెన్షన్‌లో కాళ్లు కదిపేస్తారు. బంతి పట్టుకుని ఆగాక ఆనించిన కాలు అలా జరిపితే తప్పు, దాన్నే ట్రావెలింగ్ అంటారు. రిఫరీ అది ఇస్తే బంతి అవతలివాళ్లకి పోతుంది. టీవీలో మాత్రం మూడడుగులు వేసినా ఏమీ అనట్లేదే అని పిల్లలు అడుగుతారు. పరుగులో బంతి చేతికి చిక్కేటప్పుడు నేల మీదున్న కాలిని లెక్కలోకి తీసుకోరు, ఆ తర్వాతే రెండడుగులు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా 2017లో రూల్ అలా మార్చింది. ఆగడం రాని పిల్లలకి అది ఇప్పుడే చెప్పకండి, గందరగోళపడతారు.

డ్రిబ్లింగ్ తర్వాత వస్తుంది. అరచేత్తో కొట్టకుండా వేళ్లతో తొయ్యాలి, తల ఎత్తి ఉండాలి, ఎడమ చేతికి రెట్టింపు సమయం ఇవ్వాలి. అంతే.

ఎత్తు కోసమని మాత్రం చేర్పించకండి. ఎత్తు ముఖ్యంగా మీ దంపతుల నుంచి వస్తుంది. నేను ఐదు అడుగుల రెండంగుళాల దగ్గర ఆగిపోయాను, అయినా మా జట్టులో బంతి నడిపించింది నేనే. ఏడాదికి రెండంగుళాలు పెరగలేదని పిల్లల్ని మాన్పించిన తల్లిదండ్రులను చూశాను. ఆ పిల్లల ముఖాలు గుర్తొస్తే ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇంకో కోపం బంతి మీద. మన దగ్గర ఏ వయసువాళ్లకైనా 7 నంబర్ బంతే ఇస్తారు. అది పెద్ద మగవాళ్లది. ఆడవాళ్లకి 6, చిన్న పిల్లలకి 5. రింగ్ కూడా 3.05 మీటర్ల ఎత్తులో ఉంటుంది, మినీ బాస్కెట్‌బాల్‌లో పిల్లలకి 2.60 మీటర్లే. బరువైన బంతిని అంత ఎత్తుకి విసరడానికి పిల్లలు నడుము దగ్గర నుంచి బలమంతా పెట్టి ఎత్తేస్తారు. ఆ అలవాటు ఒకసారి పడితే వదలదు. అందుకే షూటింగ్ చివర్లో నేర్పించమంటాను. మీ పాపకి 6 నంబర్ రబ్బరు బంతి కొనండి, సిమెంటు మీద లెదర్‌ది త్వరగా అరిగిపోతుంది. ఎండాకాలం ఎనిమిది దాటాక కోర్టులోకి పంపకండి, మన ఊళ్ల ఎండకి బూట్లలోంచి కూడా వేడి తగులుతుంది.

ఒక్కటి అడుగుతాను. మూడేళ్లలో పాప పదికి వస్తుంది, అప్పుడు మాన్పించకండి. మా బ్యాచ్‌లో పదకొండు మందిమి ఉండేవాళ్లం. పది పరీక్షలనగానే ఎనిమిది మందిని ఇంట్లోవాళ్లు ఆపేశారు. కోర్టులో ఐదుగురు కావాలి, మేం ముగ్గురమే మిగిలాం. ఆ ఏడాది జిల్లా సెలక్షన్స్‌కి వెళ్లలేకపోయాం.