స్మాష్ కోసం ప్యాడెల్ రాకెట్: ఏది ఎంచుకోవాలి?

ప్రశ్న: పదేళ్లు టెన్నిస్ ఆడి, నాలుగేళ్లుగా ప్యాడెల్ (చుట్టూ గోడలున్న కోర్టులో ఇద్దరిద్దరుగా ఆడే రాకెట్ ఆట) ఆడుతున్నాను. ఆదివారాల్లో చెన్నై వెళ్లి మ్యాచ్‌లు ఆడి వస్తాను. కుడిచేతి వాటం, కోర్టులో ఎడమవైపు ఆడతాను. ఇప్పుడున్న గుండ్రటి రాకెట్‌తో స్మాష్ కొడితే, బంతి వెనుక గోడకు తగిలి అవతలి కోర్టు మధ్యలోనే చతికిలపడుతోంది. 18కె కార్బన్‌తో చేసిన 375 గ్రాముల డైమండ్ ఆకారపు రాకెట్ కొనాలనుకుంటున్నాను. నిరుడు మోచేతి నొప్పితో రెండు నెలలు ఆట మానేశాను. నా ఎంపిక సరైనదేనా?
– ఒక పాఠకుడు, భవానీ నగర్, తిరుపతి

జవాబు: ఆకారం విషయంలో మీ ఆలోచన బాగానే ఉంది గాని, మోచేతి నొప్పి వచ్చి ఏడాదైనా గడవకముందే 375 గ్రాముల రాకెట్ పట్టుకోవడానికి మాత్రం నేను ఒప్పుకోను.

ఎడమవైపు ఆడే కుడిచేతి ఆటగాడికి కోర్టు మధ్యలో లేచే బంతులు ఫోర్‌హ్యాండ్‌కే వస్తాయి కనుక, జట్టులో స్మాష్ భారం ఎక్కువగా మీదే. డైమండ్ రాకెట్‌లో బరువు తలవైపు చేరడం వల్ల, సమ్మెట దెబ్బలో ఉన్నట్టే, విసురు చివర బలం కూడుతుంది. అయితే బంతి సరిగ్గా పలికే చోటు పైకి జరిగి చిన్నదైపోతుంది. మీ దెబ్బ అక్కడే పడుతోందా అన్నది ఇంట్లో ఉన్న ముగ్గుపిండితోనే తేలిపోతుంది. రాకెట్ ముఖానికి పిండిని పలచగా రుద్ది పది స్మాష్‌లు కొట్టి, బంతి అచ్చులు చూడండి. ఏడెనిమిది అచ్చులు పైభాగంలో అరచేయంత మేరలో పడితే డైమండ్ మీకు పనికివస్తుంది. ముఖమంతా చెదిరిపోతే నీటిబొట్టు ఆకారపు టియర్‌డ్రాప్ తీసుకోవడమే మేలు. బంతిని తల వెనుక అందుకునే అలవాటుంటే మాత్రం ముందు దాన్ని సరిదిద్దుకోవాలి, ఆ లోపాన్ని ఏ రాకెట్టూ తీర్చలేదు.

18కె అన్న అంకెను చూసి డబ్బు పెట్టవద్దు. అది ఒక్కో కార్బన్ పోగులో ఎన్ని వేల సన్నని దారాలున్నాయో చెబుతుందే తప్ప, రాకెట్ ఎంత గట్టిదో చెప్పదు. మందం గురించి ఆలోచించనక్కర్లేదు. నిబంధనలు అనుమతించే గరిష్ఠ మందం 38 మిల్లీమీటర్లే, చాలా రాకెట్లు ఆ కొలతకు దగ్గరగానే ఉంటాయి.

అసలు చూడవలసింది రాకెట్ లోపల నింపే ఈవీఏ ఫోమ్ (రబ్బరు వంటి నురుగు పదార్థం). మెత్తటి ఫోమ్ నిదానపు దెబ్బకు కూడా బంతిని ఎగదోస్తుంది గాని, పూర్తి వేగంతో కొట్టినప్పుడు అణిగిపోయి కొంత బలాన్ని తానే మింగేస్తుంది. గట్టి ఫోమ్ వేగంగా విసిరే చేతికే లొంగుతుంది, పైగా అదురును నేరుగా మోచేతికి పంపుతుంది. వేడికి ఫోమ్ మెత్తబడుతుంది, బంతిలో గాలి ఒత్తిడి పెరిగి అది మరింత ఎగురుతుంది. అందుకే మన వైపు ఎండల్లో ఆడేవారికి కాస్త గట్టి రకం నప్పుతుందని మామూలుగా చెబుతాను. మీ మోచేతి సంగతి తెలిశాక మీకు ఆ మాట చెప్పలేను. మధ్యరకం ఫోమ్‌తో 360 నుంచి 365 గ్రాముల డైమండ్ తీసుకోండి. రాకెట్‌ను ఎండలో ఆపిన కారు డిక్కీలో వదిలి కొండకు వెళ్లిపోవడం వంటివి చేయకండి, ఫోమూ దాన్ని అతికించిన జిగురూ రెండూ దెబ్బతింటాయి.

కొనేటప్పుడు రాకెట్‌ను స్కేలు అంచుమీద అడ్డంగా నిలిపి, పిడి అడుగు నుంచి ఎన్ని సెంటీమీటర్ల దగ్గర తూగుతుందో కొలవండి. 26.5 దాటితే తలబరువు రాకెట్ అన్నమాట. పిడిమీద చుట్టే పట్టీ, అంటే ఓవర్‌గ్రిప్, చుట్టాకే కొలవాలి, ఎందుకంటే ఒక్కో చుట్టు అయిదారు గ్రాములు చేర్చి తూకాన్ని చేతివైపు లాగుతుంది. చెన్నై ఉక్కలో చెమటకు పిడి జారుతుంది కనుక మీరు రెండు చుట్లు వేస్తుండవచ్చు.

వీలైతే అదే రాకెట్‌ను అరువు తీసుకుని రెండు గంటలపాటు నిజమైన మ్యాచ్ ఆడండి. మర్నాడు పొద్దున నిండు చెంబు ఎత్తినప్పుడు మోచేతి బయటివైపు లాగితే, స్మాష్ ఎంత బాగా పడినా సరే, దాన్ని కొనవద్దు.