నీటికి వయసేమిటి?

ప్రశ్న: మా అబ్బాయి దక్షిణ కొరియాలోని బుసాన్‌లో సముద్ర శాస్త్రం చదువుతున్నాడు. ఈమధ్య పరిశోధన ఓడలో వెళ్లివచ్చి, పాత ఫ్రిజ్‌లలో వాడిన గ్యాస్ సముద్రం అడుగున ఎంత ఉందో చూసి నీటి వయసు కడుతున్నామన్నాడు. నీటికి వయసేమిటి? ఆ గ్యాస్ అంత లోతుకు ఎలా వెళ్లింది? నీటి సీసాలు పైకి రాగానే మొదటి వంతు తమదేనట, మిగతావాళ్లు వరుసలో ఆగాలట. అదెందుకు? – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, ముప్ఫై ఏళ్లు సముద్రపు నీటితో కెమిస్ట్రీ పని చేసినవాణ్ణి. మీ ప్రశ్న చదవగానే ప్రాణం లేచివచ్చింది.

పైనున్న నీరు గాలిని తాకుతూ ఉంటుంది. అది చల్లబడి, బరువెక్కి, మునిగిపోయిన రోజున గాలితో సంబంధం తెగిపోతుంది. ఆనాటి నుంచి గడిచిన కాలాన్నే నీటి వయసు అంటాం.

మీవాడు వెళ్లినది బహుశా జపాన్ సముద్రం. కొరియన్లు తూర్పు సముద్రం అంటారు. పసిఫిక్ పక్కన నిండుగా నీళ్లు పోసిన గంగాళంలా ఉంటుంది. లోతు కొన్నిచోట్ల 3,700 మీటర్లు దాటుతుంది కానీ, బయటి సముద్రాలతో కలిపే నాలుగు జలసంధులూ 150 మీటర్ల లోతైనా లేనివే. కాబట్టి పసిఫిక్ అడుగు నీరు ఇందులోకి రాలేదు. దీని లోతు నీరు దీనిలోనే తయారుకావాలి. చలికాలంలో సైబీరియా గాలులు వీచినప్పుడు, రష్యా రేవు వ్లాదివోస్తోక్ ఎదుట పైనీరు గడ్డకట్టేంతగా చల్లబడుతుంది. ఏర్పడే మంచు ఉప్పును నీటిలోనే వదిలేస్తుంది. చలికి ఉప్పు తోడై ఆ నీరు దిగిపోతుంది.

చిక్కంతా తర్వాతే. అడుగున ఎక్కడ చూసినా దాదాపు ఒకే చలి, ఒకే ఉప్పదనం. మిచిటాకా ఉడా అనే జపాన్ శాస్త్రజ్ఞుడు 1934లోనే ఈ సంగతి చెప్పారు. థర్మామీటరుకు ఏ నీరైనా ఒకటే అయినప్పుడు కొత్తనీటిని పాతనీటి నుంచి విడదీయడం ఎలా? అందుకు నీటిలో కరిగిన జాడలు వెతకాలి.

ఆ ఫ్రిజ్ గ్యాస్ క్లోరోఫ్లోరోకార్బన్. మనిషి 1930లలో తయారు చేయడం మొదలుపెట్టాడు. అంతకుముందు గాలిలో లేదు. తర్వాత ఏటేటా ఎంత పెరిగిందో లెక్కలున్నాయి. గాలిలోని గ్యాస్ పైనీటిలో కరిగి, ఆ నీటితోపాటే అడుగుకు దిగుతుంది. కాబట్టి 1960లో మునిగిన నీటిలో 1960 నాటి మోతాదే ఉంటుంది. పాత పెళ్లి ఫోటోలో చీరల అంచులు చూసి ఏ కాలానిదో మా అమ్మ చెప్పేది, ఇదీ అలాంటిదే. కాకపోతే ఇక్కడ ఒక కిలో నీటిలో కొలవాల్సింది మోల్‌లో (పదార్థాన్ని లెక్కగట్టే మా కెమిస్ట్రీ కొలత) లక్ష కోట్ల వంతుల లెక్కలో ఉంటుంది.

ఒక్క గ్యాస్‌ను నమ్మితే మోసపోతాం. మోతాదు తక్కువగా వస్తే, అది అంతా పాత నీరు కావచ్చు; ఎంతో పాత నీటిలో చెంబెడు కొత్త నీరు కలిసిందైనా కావచ్చు. పైగా ఇలాంటి గ్యాస్‌లను మానుకోవాలన్న 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత ఈ గ్యాస్ గాలిలో తగ్గుముఖం పట్టింది, ఒకే మోతాదుకు రెండు తేదీలు సరిపోతున్నాయి. అందుకే ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ కూడా చూస్తారు. 1960ల మొదట్లో హైడ్రోజన్ బాంబు పరీక్షలతో ఇది విపరీతంగా వర్షంలోకి, సముద్రంలోకి వచ్చింది. పన్నెండేళ్లకు కాస్త పైగా సగమై హీలియం-3గా మారుతుంది. తల్లి ఎంత మిగిలింది, బిడ్డ ఎంత పుట్టింది అని చూస్తే కాలం తెలుస్తుంది. ఇలా అన్నీ కలిపి చూసినప్పుడు అక్కడి లోతు నీరు మారడానికి సుమారు నూరేళ్లు పడుతుందని తేలింది. మహాసముద్రాలకు వందల ఏళ్లు కావాలి.

నాకు అన్నిటికన్నా దగ్గరి జాడ ఆక్సిజన్. పైన గాలి నుంచి కరిగిన ఆక్సిజన్, నీరు మునిగాక సూక్ష్మజీవులు వాడుకునేకొద్దీ తగ్గిపోతుంది. ఓడ మీద నీటిని గాజుసీసాలోకి బుడగ రాకుండా నింపి, మాంగనీసు ద్రావణం, తర్వాత క్షారంతో కలిపిన అయొడైడ్ పోసి మూతపెట్టి తిప్పుతాం. ఆక్సిజన్ ఉంటే అడుగున గోధుమరంగు మడ్డి దిగుతుంది. బంగాళాఖాతంలో రెండు మూడు వందల మీటర్ల నీటికి ఆ మడ్డి సున్నంలా తెల్లగా ఉండిపోయేది. రెండువేల మీటర్ల సీసాలో మళ్లీ గోధుమరంగు తిరిగేది, దక్షిణ ధ్రువం వైపు నుంచి నడిచివచ్చిన నీరు కాబట్టి. జపాన్ సముద్రం అడుగున ఆక్సిజన్ బాగానే ఉంది, కానీ దశాబ్దాలుగా తగ్గుతోంది. చలికాలాలు మెత్తబడి కొత్తనీరు దిగడం తగ్గిందని అర్థం. 2000-01 చలికాలం కఠినంగా ఉన్నప్పుడు మాత్రం వ్లాదివోస్తోక్ ఎదుట అడుగున తాజా నీరు చేరడం కనబడింది. ఆ వార్త చదివిన రోజు ఇంట్లో అందరికీ చెప్పాను.

ఇక వరుస సంగతి. లోతునుంచి తెచ్చిన గొట్టపు సీసా కింది కుళాయి విప్పగానే ఖాళీ అయిన మేరకు పైనుంచి గాలి దూరుతుంది. ఓడలోని గాలిలో ఏ ఏసీ నుంచో కారిన ఆ గ్యాస్ నూలుపోగంత ఉన్నా లెక్క పాడవుతుంది. అందుకే గాలి తాకని మొదటి నీరు మీవాళ్లకు. ఆక్సిజన్ వాళ్లం ఆ వెనకాలే, రబ్బరు గొట్టం పట్టుకుని నిలబడేవాళ్లం.