బెణికింది మడమా, చీలమండా?

సందేహం: ఆటగాళ్ల గాయాల వార్తల్లో ఒకచోట ‘మడమ బెణికింది’ అనీ, మరోచోట ‘చీలమండ బెణికింది’ అనీ రాస్తున్నారు. రెండూ ఒకటేనా? అలాగే జంఘ అంటే తొడేనా?

సమాధానం: ఒకటి కావు. పాదం వెనక నేలకు ఆనేది మడమ (మడిమ అన్న రూపమూ ఉంది). దానికి పైన కాలూ పాదమూ కలిసే కీలు చీలమండ. అమరకోశమనే సంస్కృత నిఘంటువు రాసిన అమరసింహుడు దీన్ని అర శ్లోకంలో తేల్చేశాడు: ‘తద్గ్రంథీ ఘుటికే గుల్ఫౌ పుమాన్ పార్ష్ణిస్తయోరధః’. దీనికి ముందు పాదాన్ని ఏకవచనంలో చెప్పి, ఇక్కడ దాని ముడులను (గ్రంథీ) ద్వివచనంలో చెప్పాడు చూడండి. ఒక్కో పాదానికి రెండేసి గుల్ఫాలు, అంటే చీలమండ గుబ్బలు, అన్న మాట. చేత్తో తడిమితే తెలుస్తుంది. మోకాలి కింద ఉండే రెండెముకల్లో లోపలిదైన అంతర్జంఘిక చివర లోపలి గుబ్బ, బయటిదైన బహిర్జంఘిక చివర బయటి గుబ్బ. బయటిది కాస్త కిందికి దిగి ఉంటుంది. ‘తయోరధః’, ఆ రెంటికీ కిందనున్నదే పార్ష్ణి, మన మడమ. ఇంత పొందికగా చెప్పిన నిఘంటువు చేతిలో ఉండగా ఈ గందరగోళం ఎందుకు?

తెలుగు పేరూ తక్కువది కాదు. చీల అంటే మేకు. రెండు పక్కలా పొడుచుకొచ్చిన ఆ గుబ్బలను చూసే చీలమండ అన్నారని నా ఊహ. నిజంగానే అవి పాదంలోని పైయెముకను రెండు వైపులా బిగించి పట్టుకుంటాయి. ఆ ఎముక ముందు వెడల్పు, వెనక ఇరుకు. మునివేళ్ల మీద లేచినప్పుడు ఇరుకు భాగం గుబ్బల నడుమకు వచ్చి పట్టు సడలుతుంది. ఆ క్షణంలో పాదం లోపలికి మడత పడితే బయటి పక్క లిగమెంట్లు సాగుతాయి, ఒక్కోసారి తెగుతాయి. వాపు బయటి గుబ్బకు ముందూ కిందా కనిపిస్తుంది. బెణకడమంటే ఇదీ.

మడమ నొప్పి దారి వేరు. అరికాలి కింద సాగే గట్టి పట్టీ మడమ ఎముకను అంటుకున్నచోట దెబ్బతింటే, పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగులకే పోటు పుడుతుంది. బెణికింది చీలమండైతే మడమ అని రాయడం తుంటి మీద కొడితే మూతిపళ్లు రాలాయన్నట్టే ఉంది. కొందరు మాటల్లో చీలమండనూ కలుపుకొని మడమ అంటారు. వాడుకను పూర్తిగా కాదనలేను. అచ్చులో మాత్రం, అందులోనూ గాయం గురించి రాసేటప్పుడు, ఆ చనువు వద్దు. ‘మడమ తిప్పడం’ అంటే వెనుదిరగడం, అది వేరే సంగతి.

ఇక జంఘ. మోకాలికీ చీలమండకూ నడుమనున్న భాగం అది. వెనకనున్న కండ పిక్క. పైన చెప్పిన అంతర్జంఘిక, బహిర్జంఘికలు మోకాలి కిందివే కదా! తొడకు సంస్కృతం ఊరువు. భీముడు విరగ్గొట్టింది దుర్యోధనుడి ఊరువులనే, అందుకే అది ఊరుభంగం. కవిత్వంలో జంఘను తొడగా వాడినవారున్నారు, వారి జోలికి పోను. పాఠ్యపుస్తకాల్లో, వైద్య వ్యాసాల్లో అలా రాస్తే మాత్రం దిద్దాల్సిందే.