ఈబస్ సూదుల ఎంపిక గురించి

విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ విభాగానికి ఈబస్ (శ్వాసనాళంలోంచి అల్ట్రాసౌండ్‌తో చూస్తూ ఛాతీలోని లింఫు గ్రంథుల నుంచి సూదితో నమూనా తీసే స్కోపు) వచ్చిందనీ, 21 గేజి సూదులు తెప్పించాలో 22 గేజివి తెప్పించాలో తేల్చుకోలేకపోతున్నాననీ రాశావు. గేజి అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది కనుక 21 కాస్త లావు. అయినా రోగనిర్ధారణలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు, అమెరికా ఛాతీ వైద్యుల సంఘం 2016 మార్గదర్శకాలు కూడా ఏదైనా వాడవచ్చనే చెప్పాయి. స్టోర్స్‌లో ఏది సకాలంలో దొరికితే అది తీసుకో. లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్), సార్కాయిడోసిస్ (గ్రంథులు వాచే, క్యాన్సర్ కాని జబ్బు) అనుమానం ఉన్నప్పుడు మాత్రం ఎక్కువ కణజాలం కోసం 19 గేజి సూదిని ఆలోచించవచ్చు, అయితే దాంతో రక్తం కూడా ఎక్కువే రావచ్చు.

గేజి కంటే చేతివాటం ముఖ్యం. సూది తొడుగు అంచు స్కోపు కొన బయట కంటికి కనబడేదాకా సూదిని ముందుకు తోయకు. తొందరపడితే లోపలి గొట్టం చిరిగి, లక్షల ఖరీదైన స్కోపు మరమ్మతుకు పోతుంది. గ్రంథిలోకి దిగాక స్టైలెట్‌తో (సూది లోపలుండే సన్నని తీగతో) కొనను శుభ్రం చేసుకుని, పది పదిహేనుసార్లు, ప్రతిసారీ దిశ కొద్దిగా మారుస్తూ ఆడించు. సక్షన్ (సిరంజితో పీల్చడం) పెట్టాలా వద్దా అన్నదానికి కూడా మార్గదర్శకాలు రెండూ సరేనన్నాయి. నేనైతే డాప్లర్‌లో (రక్త ప్రవాహం చూపే అల్ట్రాసౌండ్‌లో) రక్తనాళాలు ఎక్కువగా కనబడే గ్రంథికి సక్షన్ తీసేసి, స్టైలెట్‌ను మెల్లగా వెనక్కి లాగుతూ తీస్తాను; స్లైడు మీద ఎర్రటి నీళ్లకు బదులు తెల్లని సన్నని పోగు పడితే పాథాలజిస్టు నిన్ను మెచ్చుకుంటాడు.

క్యాన్సర్ అనుమానంలో కుళ్లిన నడిభాగాన్ని వదిలి అంచుల నుంచి తీయడం మేలు. క్షయ అనుమానంలో ఆ నడిభాగాన్ని కూడా వదలవద్దు, క్రిములు దొరికే అవకాశం అక్కడే ఎక్కువ. పాడేరు, శ్రీకాకుళం వైపు నుంచి మన దగ్గరకు వచ్చేవారిలో గ్రంథులు పెరగగానే ముందుగా తలచుకోవలసింది క్షయనే కనుక, ఒక భాగాన్ని ఫార్మలిన్ తగలనివ్వకుండా సెలైన్‌లో జీన్‌ఎక్స్‌పర్ట్‌కూ (క్షయ క్రిమి జన్యువును పట్టే పరీక్ష) కల్చర్‌కూ (క్రిమిని పెంచి చూసే పరీక్ష) పంపు. ఫార్మలిన్‌లో పడ్డది కల్చర్‌కు పనికిరాదు. అక్కడికక్కడే స్లైడు చూసి చెప్పేవారు లేకపోతే ఒక్కో గ్రంథి నుంచి కనీసం మూడుసార్లు తీయాలి, జన్యు పరీక్షలు కూడా కావాలంటే ఇంకొంచెం ఎక్కువ.

ఊపిరితిత్తుల క్యాన్సర్ దశ నిర్ణయించేటప్పుడు వరుస తప్పవద్దు: ముందు గడ్డకు ఎదుటి వైపు గ్రంథులు, తరువాత ఛాతీ నడిమివి, చివరికి గడ్డ వైపు ఊపిరితిత్తి దగ్గరివి. తిరగేస్తే సూదికి అంటిన క్యాన్సర్ కణాలు జబ్బును ఉన్నదానికంటే ముదిరిన దశలో ఉన్నట్టు చూపిస్తాయి, ఆపరేషన్ అయ్యే రోగికి ఆపరేషన్ కాదని చెప్పవలసి వస్తుంది. ఛాతీలోని గ్రంథులకు ఇచ్చిన అంకెల్లో 8, 9 స్థానాలు శ్వాసనాళం నుంచి అందవు, వాటికి అన్నవాహిక దారి ఉంది.

ప్రతి డబ్బా మీదా స్థానం అంకె, వైపు నీ ఎదుటే రాయించు. శనివారం మధ్యాహ్నం కేసు పెట్టుకోకు. నమూనా సోమవారం దాకా ల్యాబు గుమ్మం ఎక్కదు.

శుభాకాంక్షలతో,
మీ మాష్టారు