రాతియుగంలో వేటాడలేని వికలాంగులను గుంపు వదిలేసేదా?

అన్నిసార్లూ కాదు, ఏళ్ల తరబడి సాకిన ఆనవాళ్లు ఎముకల్లోనే ఉన్నాయి. విరిగిన ఎముక అంచులు నునుపుగా మూసుకుపోయాయంటే, ఆ మనిషి గాయం తర్వాత కూడా చాలాకాలం బతికాడని అర్థం. ఇరాక్‌లోని షానిదార్ గుహలో 1957లో బయటపడిన నియాండర్తాల్ (అంతరించిపోయిన ఆదిమానవ జాతి) పురుషుణ్ణే చూడండి. ఎడమ కంటి గుంత చితికి మానింది, బహుశా ఆ కంటికి చూపు లేదు. కుడి చెయ్యి చిక్కిపోయింది, మోచేతి కింద అసలు లేదు. పైగా చెవి రంధ్రాల్లో ఎముక పెరిగి వినికిడి బాగా దెబ్బతింది. అయినా 40 ఏళ్ల దాకా బతికాడు! మృగం చప్పుడైనా సరిగా వినబడని మనిషికి తోటివాళ్ల అండ లేకుండా అది దాదాపు అసాధ్యం.

చాలామంది మాత్రం అదే గుహలో మరో అస్థిపంజరం దగ్గర దొరికిన పుప్పొడిని, శవం మీద పూలు ఉంచారంటూ, ఆప్యాయతకు రుజువుగా చూపుతారు. దాన్ని బొరియల ఎలుకలో, తేనెటీగలో తెచ్చి ఉండొచ్చు.